కుడిచేతి నిబంధన

దోహాలో ఒక యూనివర్సిటీ ఎలక్ట్రికల్ ల్యాబులో పరికరాలు చూసుకునే సత్యనారాయణమూర్తి, కూరలు తరిగే కత్తి తప్ప ఇంకో కత్తి పట్టి ఎరగడు. అదైనా భార్య సుబ్బలక్ష్మి ఊళ్ళో లేనప్పుడే. అలాంటి మనిషి, కత్తులతో ఆడే ఫెన్సింగ్ క్లబ్బుకి పెద్దదిక్కు ఎలా అయ్యాడంటే, అంతా యూనివర్సిటీ రూలు పుణ్యం. పిల్లలు ఏ క్లబ్బు పెట్టుకున్నా సిబ్బందిలో ఒకరు సలహాదారుగా సంతకం పెట్టాలి. ప్రొఫెసర్లు ఒక్కొక్కరే తీరిక లేదంటూ జారుకున్నారు. చివరికి నితీష్ అనే కుర్రాడు ల్యాబు గుమ్మంలో నిలబడి, "సార్, మీరు మనవాళ్ళు. మీరు కూడా కాదంటే ఇంక నేనెక్కడికి పోను?" అన్నాడు. అమలాపురం మనిషైన మూర్తి ఆ మాటకే కరిగిపోయాడు.

కరిగాడు గానీ, ఊరికే సంతకం పెట్టే రకం కాదు మూర్తి. ఐన్ ఖాలిద్‌లో ఆయన ఫ్లాట్ ముందు చెప్పులు కూడా బడిపిల్లల్లా వరసలో నిలబడాల్సిందే. ల్యాబులో ఎవరైనా ఎడంచేత్తో టీ అందిస్తే, కప్పు కింద పెట్టించి మళ్ళీ కుడిచేత్తో ఇప్పించుకునేవాడు. వెనకాల అందరూ నవ్వుకునేవారు. నవ్వుకోనీ అనుకునేవాడు. ఊరు వదిలి ఇరవై ఏళ్ళు దాటింది, మర్యాద కూడా వదిలెయ్యాలా అనేది ఆయన వాదన.

క్లబ్బుకి నియమావళి రాయడం మొదలైనప్పుడు నితీష్ రాత్రనక పగలనక దాని మీదే కూర్చున్నాడు. అధ్యక్షుడి ఎన్నిక ఎలా జరగాలి, సమావేశానికి కనీసం ఎంతమంది రావాలి, కత్తుల బీరువా తాళం ఎవరి దగ్గర ఉండాలి, అన్నీ రాశాడు. ఒక నిబంధన మాత్రం కాస్త ఉద్రేకంగా రాశాడు. ఆట అయ్యాక ఇద్దరూ కత్తి ఎత్తి వందనం చేసుకోవాలి, చేతులు కలపాలి. కలపకపోతే ఆ ఆట ముగియనట్టే. అది ముగిసేదాకా ఆ ఇద్దరిలో ఎవరూ ఇంకొకరితో ఆడకూడదు. ఓడిపోయిన వాళ్ళు మాస్కు విసిరేసి పోవడం వాడికి అస్సలు నచ్చదు.

ఆ చేతులు కలిపే దగ్గరే మూర్తికి పేచీ వచ్చింది. కుడిచేత్తో ఆడేవాడి కుడిచేతికి గ్లవ్ ఉంటుంది, కత్తి ఉంటుంది. అందుకని లోకమంతా ఖాళీగా ఉన్న ఎడంచెయ్యే ఇస్తారు. పిల్లలు అలా ఇవ్వడం చూసి మూర్తి కుర్చీలోంచి లేచిపోయాడు.

"ఎడంచెయ్యేంటండీ బాబూ, ఛీ! అంత చక్కగా దండం పెట్టుకుని, ఆఖర్న ఎడంచెయ్యా?"

"బయట టోర్నమెంట్లలో అందరూ అదే ఇస్తారు సార్," అన్నాడు నితీష్ నవ్వు ఆపుకుంటూ.

"బయటి సంగతి మనకెందుకోయ్? ఇది మన క్లబ్బు."

పక్కనే ఉన్న సబ్రీన్ కూడా ఆయన మాటకే తలూపింది. ఆ అమ్మాయిది కడప కుటుంబం. "మా ఇంట్లో కూడా ఊరుకోరు సార్. ఎడంచెయ్యి ఇస్తే తిట్టినట్టే లెక్క," అంది. ఇంకేం, నిబంధన తయారైంది. ఆట అయ్యాక కత్తి ఎడంచేతికి మార్చుకోవాలి, గ్లవ్ తీసెయ్యాలి, కుడిచెయ్యే ఇవ్వాలి. ఆ వాక్యం మూర్తి స్వయంగా రాశాడు. నితీష్ ఎప్పటిలాగే నవ్వి, మరుసటి రోజు నుంచి దాన్ని తుచ తప్పకుండా పాటించాడు.

రెండేళ్ళు పాటించాడు. తప్పింది ఒక్క రోజే.

ఆ సాయంత్రం నితీష్‌కీ సబ్రీన్‌కీ మధ్య ఆట జోరుగా సాగింది. వాళ్ళాడే ఆటలో మొండెం మీద తగిలిన పోటుకే పాయింటు. అక్కడ తగిలితే, తీగలతో కత్తులకి కలిపి ఉన్న పాయింట్ల పెట్టె మీద పొడిచినవాళ్ళ వైపు రంగు దీపం వెలుగుతుంది. చేతికో కాలికో తగిలితే తెల్ల దీపం వెలుగుతుంది. అంటే తగిలింది గానీ లెక్కలోకి రాదని. ఇద్దరూ ఒకరి మీదికొకరు దూకారు, కత్తులు పిడుల దాకా గుద్దుకున్నాయి, సబ్రీన్ వైపు తెల్ల దీపం వెలిగింది. ఆ తర్వాతి పోటుకి సబ్రీన్ గెలిచింది. వందనాలయ్యాయి. నితీష్ మాస్కు తీసి, కుడిచేతిని నడుముకి ఆనించుకుని, ఎడంచెయ్యి చాచాడు.

బల్ల దగ్గర కూర్చున్న మూర్తి హాలంతా వినపడేలా అరిచాడు. "ఏయ్, కుడిచెయ్యి!"

అందరూ తల తిప్పి చూశారు. సబ్రీన్ ముఖం మాడ్చుకుని, ఆ చెయ్యి అందుకోకుండానే వెనక్కి తిరిగింది. నితీష్ తన చేతి వంక ఒకసారి చూసుకున్నాడు. ఏదో చెప్పబోయి, నవ్వేసి, బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ రాత్రే స్నేహితులతో సీలైన్ ఇసుక దిబ్బలకి వెళ్ళాడు. ఎవరో నడుపుతున్న కారు దిబ్బ మీంచి పల్టీ కొట్టింది. వెనక సీట్లో ఉన్న నితీష్ ఒక్కడే పోయాడు.

మూర్తి వాడితో అన్న ఆఖరి మాట అదన్నమాట. ఏయ్, కుడిచెయ్యి.

ఆ తర్వాత మూర్తి చెవిలో తన గొంతే మోగడం మొదలైంది. సూపర్‌మార్కెట్లో బిల్లు కొట్టే పిల్ల ఎడంచేత్తో చిల్లర ఇస్తే అందుకోకుండానే వచ్చేసేవాడు. లిఫ్టు తలుపు మూసుకోకుండా ఎవరైనా ఎడంచెయ్యి అడ్డం పెడితే, ఆ అరచెయ్యి తన వైపే చాచినట్టు కనిపించేది. సుబ్బలక్ష్మి పప్పు వడ్డిస్తూ, "ఏవండీ, అలా నా చేతుల వంకే చూస్తారేంటి? భయమేస్తోంది నాకు," అంది. ఆయన కంచంలోకి తల వంచుకున్నాడు.

హాల్లో సంగతి ఇంకా ఘోరం. సబ్రీన్ వదలకుండా ప్రాక్టీసుకి వచ్చేది. తెల్లబట్టలు వేసుకుని, మాస్కు ఒళ్ళో పెట్టుకుని, బెంచీ మీద కూర్చునేది. ఎవరు పిలిచినా, "నా ఆట ఇంకా అయిపోలేదు" అనేది. నియమావళి ప్రకారం అది నిజమే, కాదనడానికి లేదు. దానికి తోడు ఆమె చివరిసారి ఆడిన వైపు తెల్ల దీపం ఉన్నట్టుండి దానంతటదే వెలగసాగింది. మొదటిసారి వెలిగినప్పుడు పిల్లలంతా కొయ్యబారిపోయారు. మూర్తికి కారణం తెలుసు. తీగ లోపల ఎక్కడో తెగితే పెట్టె దాన్ని పోటుగానే తీసుకుంటుంది. తీగ మార్చాడు. మర్నాడు మళ్ళీ వెలిగింది. తీగ చుట్టుకునే రీలు విప్పి బిగించాడు. కొన్నాళ్ళు ఊరుకుని మళ్ళీ వెలిగింది. ముప్పై ఏళ్ళుగా కరెంటుతో కాపురం చేసిన మనిషి, ఆ దీపం వెలిగినప్పుడల్లా కళ్ళు మూసుకునేవాడు.

వార్షిక సమావేశం దగ్గర పడింది. కరీంనగర్ కుర్రాడు హరి ల్యాబుకి వచ్చాడు. "సార్, గా రూల్ తీసేద్దాం. ఓటు పెడితే అయిపోతది. ఎన్ని దినాలు కూసుంటది సబ్రీన్ గట్ల? మాకు చూడబుద్ధయితలేదు."

మూర్తికీ అదే మంచిదనిపించింది. సబ్రీన్‌ని పిలిచి చెప్పాడు. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది.

"తీసేస్తే మా ఆట ఎప్పటికీ అయిపోనట్టే కదా సార్. ఆ రోజు నితీష్ ఎందుకట్ల ఎడంచెయ్యి ఇచ్చినాడో నాకు తెలీదు. గెలిచినానని ఎగతాళి చేసినాడా, కోపమొచ్చిందా? అది తెలీకుండా ఇంకొకరితో ఎట్ల ఆడేది? మీరు తీసేస్తే నేను క్లబ్బే మానుకుంటా సార్."

అదీ సంకటం. నిబంధన ఉంటే ఆ పిల్ల బెంచీ దిగదు, తీసేస్తే గుమ్మం దిగి పోతుంది. ఒక పిల్లవాణ్ణి పోగొట్టుకున్నాం, ఈ పిల్ల కూడా తన కళ్ళ ముందే ఎండిపోతోందని మూర్తి కుమిలిపోయాడు.

అప్పుడే నితీష్ తల్లి ఇందిరాదేవి ఫోన్ చేసింది. క్లబ్బు సామాను తమ ఇంట్లో ఉండిపోయిందట, వచ్చి తీసుకెళ్ళమంది. మూర్తి ఏవో సాకులు చెప్పి నాలుగైదుసార్లు తప్పించుకున్నాడు. ఇక తప్పక ఒక శనివారం పొద్దున అల్ అజీజియాలో వాళ్ళింటికి వెళ్ళాడు. ఆమె కాఫీ ఇచ్చి, హాలు మధ్యలో నితీష్ బ్యాగు పెట్టి, జిప్పు తీసింది. జాకెట్టు, మాస్కు, కత్తి ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఆఖరున గ్లవ్. కుడిచేతిది. మణికట్టు నుంచి బొటనవేలి కొస దాకా నిలువునా కోసి ఉంది.

"క్లబ్బు వస్తువు పాడుచేశాను, ఏమీ అనుకోకండి," అంది ఇందిరాదేవి. "ఆ సాయంత్రం వంటింట్లోకొచ్చి, అమ్మా ఊడి రావట్లేదే అన్నాడండీ. ఆటలో కత్తి పిడి గుద్దుకుని బొటనవేలు వంకాయలా వాచిపోయింది. కత్తెర పెట్టి నేనే కోశాను. అక్కడే తీసెయ్యకపోయావా అంటే, తియ్యడానికి రాకే ఎడంచెయ్యిచ్చాను, మా సార్ అరిచారు అన్నాడు. నవ్వుతూనే అన్నాడులెండి. ఆ అమ్మాయికి కూడా కోపమొచ్చినట్టుంది, రేపు వెళ్ళి ఇద్దరికీ చెప్పాలన్నాడు. మీరేగా ఆ సార్?"

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే మూర్తి తట్టుకునేవాడేమో. "నేనేనండీ," అన్నాడు. కాఫీ ఒలికిపోకుండా గ్లాసుకి ఎడంచెయ్యి కూడా పట్టాల్సి వచ్చింది. కిందికొచ్చి కారులో కూర్చున్నాక, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

సమావేశానికి రావలసినంత మంది వచ్చారు. హరి లేచి, ఆ నిబంధన తీసెయ్యాలని ప్రతిపాదించాడు. సబ్రీన్ రాజీనామా ఇవ్వడానికి సిద్ధపడి, తెల్లబట్టల్లోనే బెంచీ మీద కూర్చుంది. మూర్తి లేచి నిలబడ్డాడు. నియమావళి ప్రకారం సలహాదారుకి మాట ఉంది గానీ ఓటు లేదు.

"ఓటుకి ముందు ఒక ఆట పూర్తి చెయ్యాలి," అన్నాడు.

సంచిలోంచి కోసిన గ్లవ్ తీసి అందరికీ చూపించి, ఇందిరాదేవి చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాడు. తను అరిచిన సంగతీ దాచలేదు. సబ్రీన్ లేచి దగ్గరికొచ్చి, ఆ గ్లవ్ బొటనవేలిని ముట్టుకుని చూసింది.

"ఆ దెబ్బ నాదేనా సార్?"

అబద్ధం చెబుదామా అని ఒక్క క్షణం అనిపించింది మూర్తికి. చెప్పలేకపోయాడు.

"నీదేనమ్మా. ఆటలో తగిలింది. ఆ రోజు తెల్ల దీపం వెలిగింది చూడు, అదే. వాడు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. నీకు చెప్పాలని మాత్రం అనుకున్నాడు, అంతే."

సబ్రీన్ పెదవి కొరుక్కుంది. కన్నీళ్ళు మాత్రం ఆగలేదు. మూర్తి ఆ గ్లవ్ తన కుడిచేతికి తొడుక్కున్నాడు. కోసిన చోట అది తెరుచుకుని వేలాడింది. నితీష్ నిలబడిన వైపుకి వెళ్ళి, తిరిగి, పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ ఇవ్వని ఎడంచెయ్యి చాచాడు. వెనక్కి తీసుకోలేదు.

సబ్రీన్ బెంచీ మీది తన కత్తి అందుకుని, ఎత్తి వందనం చేసింది. ఆయనకి కాదు, ఆయన వెనక ఎవరో ఉన్నట్టు, ఆయన భుజం మీదుగా చూస్తూ చేసింది. తర్వాత తన ఎడంచెయ్యి ఆయన చేతిలో పెట్టి, చాలాసేపు వదల్లేదు.

హరి తన ప్రతిపాదన వెనక్కి తీసుకున్నాడు. దాని బదులు, కుడిచెయ్యే ఇవ్వాలన్న మూర్తి వాక్యం కొట్టేసి, చాచిన చెయ్యి ఏదైనా అందుకోవాలని రాయాలన్నాడు. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమన్నారు. అలవాటు కొద్దీ అందరివీ కుడిచేతులే లేచాయి. సబ్రీన్ ఒక్కతే ఎడంచెయ్యి ఎత్తింది.

మూర్తికి ఓటు లేదు. ఊరికే పెట్టె వైపు చూశాడు. ఇన్నాళ్ళూ చూడటానికి భయపడిన ఆ తెల్ల దీపం కోసమే చూశాడు. ఇప్పుడు వెలుగుతుందేమోనని చూశాడు. అందరూ చేతులు దించాక కూడా చూస్తూనే నిలబడ్డాడు. అది వెలగలేదు.