మిరప సాలులో వెనకబడ్డ పిల్ల

తొంభైల చివర్లో నాకు తమిళ సీమలో, విరుదునగర్‌లోని ఒక ఆఫీసులో ఉద్యోగం. పరదేశాల నుంచి కాలేజీ పిల్లలు మా మెట్ట పల్లెల్లో పరిశోధన చేయడానికి వచ్చేవారు. వాళ్లకు ఇల్లు వెతకడం, బస్సెక్కించడం, కడుపు పాడైతే మందిప్పించడం, ఊరివాళ్ల మాట ఇంగ్లీషులో చెప్పడం నా పని. కోవిల్‌పట్టిలో వాళ్లుండే ఇంట్లో వంట మా చిన్నమ్మది. కారం తగ్గించమంటే ఆమెకు ఒళ్లు మండేది. "కారం లేకుంటే అది కూరా, జరమొచ్చినోళ్ల పత్తెమా?" అనేది. అంటూనే వేరుగా వండి, దగ్గరుండి తినిపించేది.

ఆ ఏడు వచ్చినవాళ్లలో ఒక పొడుగాటి పిల్ల ఉండేది. పుదూరు దగ్గరి పల్లెలో ఆడవాళ్లు మిరప విత్తనం ఎలా దాచుకుంటారో తెలుసుకోవాలని వచ్చింది. రోజూ ఎట్టయాపురం మీదుగా బస్సులో తీసుకెళ్లేదాన్ని. మర్యాదకు తక్కువేం లేదు. అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీ, చేతిలో రంగు సోడా. ఆ ఊళ్లో అందరూ మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లే. కానీ కొత్తవాళ్ల ముందు తమిళమే, అదీ మగవాళ్లే. "విత్తనమా, బాగుంది" అని ముగించేవాళ్లు. ఆడవాళ్లు తలుపు వెనక నవ్వుకునేవాళ్లు. ఇంగ్లీషులో చెప్పడానికి నాకు ఏం మిగులుతుంది?

నెలాఖరుకు ఆమె ప్రొఫెసరు వస్తాడనీ, పని సాగకపోతే ఆమెను వెనక్కి పంపేస్తాడనీ ఆఫీసులో చెప్పారు. పిల్ల అన్నం ముట్టడం మానేసింది. చిన్నమ్మకు కోపమూ జాలీ ఒకేసారి వచ్చాయి.

"పావం, దాని మొకం సూడు. రేపు నేనూ వస్తా," అంది.

మర్నాడు చిన్నమ్మ అరుగు వైపు కన్నెత్తి చూడలేదు. పిల్ల చేయి పట్టుకుని నేరుగా మిరప చేలోకి నడిచింది. ఆడవాళ్లు కాయ కోస్తున్నారు. ఒకామె రాలేదు, ఆమె కోయాల్సిన మొక్కల సాలు ఖాళీగా ఉంది.

"సుమ్మా, ఊరికే కూసోని ఏమి సేస్తాది? ఈ సాలు దీనికియ్యండి," అంది చిన్నమ్మ.

మా వైపు చేలల్లో ఒక వాడుక ఉంది. కోసేవాళ్లంతా ఒకే వరుసగా సాగాలి, ఎవరినీ వెనక వదలకూడదు. వెనకబడ్డవాళ్ల సాలును పక్కవాళ్లు కొంత కోసిపెడతారు. అందుకు బదులుగా, కోసిపెట్టినవాళ్లు అడిగినదానికల్లా వెనకబడ్డవాళ్లు దాపరికం లేకుండా జవాబు చెప్పాలి. మా పిల్ల గట్టు దిగిన కాసేపటికే వెనకబడింది.

ఇక పట్టుకున్నారు. "మొగుడు వద్దంటివా, దొరకలేదా?" "మీ అమ్మ ఏమి కూడు సేస్తాది?" "ఇంత పొడుగు ఎట్ల పెరిగితివి?" అన్నీ తెలుగులోనే. అటూ ఇటూ చెప్పలేక నాకు ఆయాసం వచ్చింది. ఒక అబ్బాయి తనను వదిలేసిన సంగతితో సహా పిల్ల అన్నీ చెప్పింది. చెబుతూ చెబుతూ మిరప చేతులతోనే కళ్లు తుడుచుకుంది. చూడాలి ఆ గగ్గోలు. ఒకామె నీళ్లు, ఒకామె మజ్జిగ, ఒకామె కొంగు. మంటకు ఏడుస్తూనే పిల్ల నవ్వింది, చేనంతా నవ్వింది. ఆ ఉద్యోగంలో నాకు అంత సంతోషం అంతకుముందెప్పుడూ కలగలేదు.

పొద్దు వాలేవేళకు ఒక ముసలామె, ఎవరూ అడక్కుండానే, విత్తనం కాయ ఎలా ఏరుతుందో, బూడిద కలిపి కుండలో ఎలా దాస్తుందో చెప్పింది. అప్పటినుంచి రోజూ చేనే. పిల్ల రోజూ వెనకబడేది. కావాలనే అని నా అనుమానం. మెల్లగా మా మాటలు ఆమెకు పట్టుబడ్డాయి.

అన్నట్టే ప్రొఫెసరు వచ్చాడు. గట్టు మీద నిలబడి, ఇన్నాళ్లూ ఏం చేశావని పిల్లను ఇంగ్లీషులో గట్టిగానే అడిగాడు. ఇంగ్లీషు రాకున్నా ముసలామెకు సంగతి అర్థమైంది.

"మా పిల్లని ఏమి గదుముతాడు? దిగి సాలు పట్టుకోమను," అంది.

నేను నోరు తెరిచేలోగా ఆ మాట పిల్లే ఇంగ్లీషులో చెప్పేసింది. ఆయన నవ్వి, బూట్లు విప్పి దిగాడు. వెనకబడటానికి ఆయనకు ఎంతోసేపు పట్టలేదు. ముసలామె ఆయన సాలులో కాయలు కోసి గంపలో వేస్తూ వాడుక ప్రకారం అడిగింది.

"ఈ పిల్లని ఈడ ఉండనిస్తావా, లేదా?"

ఆ ప్రశ్న మాత్రం పిల్ల ఇంగ్లీషులో చెప్పకుండా నా వైపు తిరిగింది. నేను చెప్పాను. వాడుక కూడా చెప్పాను. ఆయన నడుము మీద చేయి వేసుకుని లేచి, ఉండనిస్తానన్నాడు.