నవాబు ఇవ్వని చాకు

ఆ రోజుల్లో, అంటే కర్నూలు రాజధాని అయిన కొత్తలో, మా జిల్లాలో ప్రతి ఇంటికీ ఏదో ఒక ఘనత కావలసివచ్చింది. ఒకరింట్లో నవాబు కూర్చున్న కుర్చీ, ఇంకొకరింట్లో నవాబు ఉమ్మిన తమ్మపడగ (ఉమ్మాడో లేదో ఎవరు చూడొచ్చారు?). మాకు జింక కొమ్ము పిడి ఉన్న మడత చాకు. నాకు ఉద్యోగం వచ్చిన రోజున మా జేజి, అంటే నాయన తల్లి, దాన్ని నా చేతిలో పెట్టి, "మీ తాత తాతకు నవాబు తన చేత్తో ఇచ్చినాడు రా, బద్రం" అంది. మా నాయన ఉయ్యాల్లో ఉండగానే తాత పోయాడు కాబట్టి ఆమె మాటకు ఎదురు సాక్ష్యం లేదు.

అప్పుడు నేను ఆత్మకూరు బడిలో కొత్త అయ్యవారిని. పాఠం బాగానే చెప్పేవాణ్ణి గానీ, నల్లబల్ల మీద నా రాత కోడి కెలికినట్టుండేది. నాది పుర్రచెయ్యి, ఎడమచేతి వాటం. చిన్నప్పుడు మా నాయన ఆ చేతిని తువ్వాలుతో నడుముకు కట్టేసి కుడిచేత్తో దిద్దించాడు. "మన వంశంలో లేని వాటం నీకెట్లొచ్చె రా?" అనేవాడు (మనిషి చెడ్డవాడు కాదు, పాపం). హెడ్మాస్టరు నా రాత చూసి పిల్లల ముందే నవ్వేవాడు. ఆ ఉక్రోషంలో ఒకరోజు నోరు జారాను: మా ఇంట్లో నవాబు చాకుంది సార్! ఆయన ఊరుకుంటాడా? ఇన్‌స్పెక్టరు వచ్చే రోజుకు పాత వస్తువుల ప్రదర్శన పెట్టి, "నవాబు గారి చాకు" అని అట్టముక్క కూడా రాయించేశాడు. "రుజువు తెచ్చుకోవయ్యా. లేకుంటే నీ పరువుతో పాటు నా పరువూ పోతుంది" అన్నాడు.

చాకు తళతళలాడాలని చింతపండూ ఇటుకపొడీ వేసి తోమాను. మట్టి వదిలేసరికి అలుగు మీద, అంటే కోసే రేకు మీద, ఇంగ్లీషు అక్షరాలు బయటపడ్డాయి! నవాబు చాకు మీద ఇంగ్లీషెందుకుంటుంది? ఆదివారం బస్సెక్కి, కర్నూలు పాతబస్తీలో కత్తులకు సానపట్టే ముసలి సాయిబు దగ్గరికి పోయాను. ఏ కత్తి ఏ కాలానిదో ఆయన ఇట్టే చెప్తాడని పేరు.

ముందు తిట్టాడు. "ఏమప్పా అయ్వారూ, దీన్ని తపేలా అనుకుంటివా? వయసంతా తోమి పారేస్తివే!" తర్వాత తెరిచాడు, మడిచాడు, చెవి దగ్గర పెట్టుకుని టక్కుమనే చప్పుడు విన్నాడు. "నవాబుది గాదు. తెల్లోళ్ల దేశం నుంచి ఇట్లాంటివి పెట్టెలు పెట్టెలు వస్తాండె. మా అబ్బా ఈ అంగట్లోనే అమ్మినాడు. అరవై, డెబ్బై ఏండ్లుంటాది, అంతే."

నా పరువు ఆ అంగట్లోనే పోయింది. నా మొహం చూసి జాలిపడ్డాడేమో, "ఉండప్పా. దీన్ని వాడింది ఎవురు?" అన్నాడు.

"అరవై, డెబ్బై ఏండ్లంటే మా తాతే."

"ఆయప్పది పుర్రచెయ్యి."

ఆయన పిడి తిప్పి చూపించాడు. పిడికి ఒక పక్క చిన్న గుంత ఉంది. కొమ్ములోనే ఏదో లోపమని ఇన్నాళ్లూ అనుకున్నాను. "కుడిచేత పట్టు" అన్నాడు. పట్టాను. బొటనవేలు నున్నటి కొమ్ము మీద జారింది. "ఇంగ ఎడమచేత పట్టు." పట్టాను. వేలు తిన్నగా పోయి ఆ గుంతలో కూర్చుంది. "ఏండ్ల తరబడి ఒకే వేలు అదిమితే గానీ కొమ్ము ఇంత అరగదు. మీ తాతది, అసలైనది. పో, ధైర్యంగా చెప్పుకో."

నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఎన్నడూ చూడని తాత నా చెయ్యి పట్టుకున్నట్టే అనిపించింది. ఆ సాయిబు రుణం నేను ఈ జన్మకు తీర్చుకోలేను.

ఇంటికి పోయి జేజిని నిలదీశాను. "ఔ రా, ఆయనది పుర్రచెయ్యే. మీ నాయన నీ చెయ్యి కట్టేసిన పొద్దు చెప్పాలనుకుంటి. పోయినోని మీద తప్పు ఏసినట్టుంటాదని నోరు మూసుకుంటి" అంది.

"మరి నవాబు?"

"ఉత్త మీ తాత చాకంటే వంకాయలు కోసి యాడనో పారేస్తారు. నవాబుదంటే దాచిపెట్టుకుంటారని చెప్పినా."

ప్రదర్శన నాడు అట్టముక్క తిప్పి, వెనకవైపు ఎడమచేత్తో "మా తాత చాకు" అని రాశాను. హెడ్మాస్టరు చూసి, "ఇది ఇంకా వంకరగా ఉందే!" అన్నాడు. ఇన్‌స్పెక్టరు గారు దాంతో పెన్సిలు చెక్కుకుని, "బాగా తెగుతోంది" అని ముందుకు సాగిపోయారు. నా పరువుకు అంతకన్నా ఏమీ కాలేదు.

నవాబు కోసం బస్సెక్కిన ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. మామిడికాయ కోసేటప్పుడు నా ఎడమ బొటనవేలు తనంతట తానే పోయి పిడి మీది గుంతలో కూర్చుంటుంది. గుంత మరికాస్త లోతైంది. అందులో తాత అరగదీసిందెంతో, నేను అరగదీసిందెంతో, ఆ సాయిబు తిరిగొచ్చినా చెప్పలేడు.