ముక్కు మేస్త్రి చెయ్యి

ఆ కాగితం ఫ్యాక్టరీలో ముక్కు మేస్త్రి చేతి దెబ్బ రుచి చూడనివాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అతని ముక్కు పెద్దదేమీ కాదు. గుజ్జు గుంటల్లో విషవాయువు ఉందో లేదో పసిగట్టే గ్యాస్ మిషన్లను చూసుకునేవాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది గనక పేరు ఇంకా బాగా అతుక్కుపోయింది.

ఒకసారి స్టోర్ కీపరు వాడేసిన ఫిల్టర్లను సబ్బునీళ్లలో ఉతికి, కొత్తవాటి డబ్బాలో సర్దాడు. మేస్త్రి అతని మెడ పట్టుకుని తలను ఆ బకెట్లోనే ముంచాడు. "పీల్చరా! మిషనుకు ఊపిరెలా ఆడుతుందో తెలుస్తుంది!" అని అరిచాడు. నలుగురు పట్టుకుంటేగాని వదల్లేదు. ఆ రోజునుంచి తీసేసిన ప్రతి ఫిల్టరునూ కత్తెరతో రెండు ముక్కలు చేసి మరీ పారేసేవాడు. అతనికి మెమోలు మూడు వచ్చాయి. అయితే అతను చూసే మిషన్లను నమ్మి దిగిన మనిషి పదహారేళ్లలో ఒక్కడూ చావలేదు.

అతని కింద పనిచేసేది సొంత బామ్మర్దే. ముప్పై దాటినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. ఐతే ఏం, స్క్రూ జారితే మొట్టికాయ, గొట్టం మెలిపడితే చెంపదెబ్బ. తమ్ముడి చెంప మీద వేళ్ల గుర్తులు చూసినప్పుడల్లా మేస్త్రి భార్య అగ్గిమీద గుగ్గిలమయ్యేది.

"నా చేతుల్తో తినిపించి పెంచాను వాణ్ణి. నీ చేత తన్నులు తినడానికి కాదు!"

"పని నేర్పుతున్నానే. చెంప వాస్తే రెండ్రోజుల్లో తగ్గుతుంది. గుంటలో పడితే మనిషి తిరిగొస్తాడా?" అనేవాడు మేస్త్రి. ఆ మాట మనస్ఫూర్తిగా నమ్మాడు కూడా.

ఒకరోజు పొద్దున మూడో గుంటలో గుజ్జును కలిపే రెక్క ఇరుక్కుపోయింది. మేస్త్రి పక్క షెడ్డులో ఉన్నాడు. బామ్మర్దే మిషనుకు కొత్త ఫిల్టరు వేసి, గొట్టాన్ని గుంటలోకి వదిలాడు. తెర మీద సున్నా కనబడింది. నిచ్చెన దిగడం మొదలుపెట్టాడు.

అప్పుడే వచ్చాడు మేస్త్రి. పార్టు మార్చిన ప్రతిసారీ గొట్టం కొసను బొటనవేలితో మూసి చూడటం అతని పద్ధతి. గాలి అందక మిషను కీచుమని మొత్తుకోవాలి. మొత్తుకోలేదంటే ఇంకెక్కడినుంచో గాలి లాగుతున్నట్టే. గొట్టం పైకి లాగి కొస మూశాడు. మిషను చప్పుడు చేయలేదు. గుంటలో గాలిని వదిలేసి బయటి గాలి పీలుస్తూ హాయిగా సున్నా చూపిస్తోంది.

"పైకి రారా!"

నిచ్చెన నాలుగో మెట్టు మీద బామ్మర్ది తల అప్పటికే వాలిపోతోంది. మేస్త్రి ఊపిరి బిగబట్టి బోర్లా పడుకుని, ఒక చేత్తో జుట్టు, ఒక చేత్తో కాలరు పట్టి లాగాడు. వాడి నోరు ఇనుప అంచుకు కొట్టుకుని రెండు పళ్లు రాలాయి. మళ్లీ చితకబాదుతున్నాడనుకుని షిఫ్ట్ ఇన్‌ఛార్జి వెనకనుంచి నడుం పట్టి లాగాడు. మేస్త్రి మోచేత్తో ఒక్కటిచ్చాడు. ఇన్‌ఛార్జి ముక్కు చితికి, చొక్కా అంతా నెత్తురైంది. బామ్మర్దిని నేల మీద పడేసి రొమ్ము మీద గుద్దాడు, చెంపలు వాయించాడు. చివరికి వాడు నెత్తురూ నురగా కక్కి, దగ్గి, ఊపిరి తీసుకున్నాడు.

మేస్త్రి ఫిల్టరు మూత విప్పాడు. మూత కింద గాలి చొరబడకుండా ఉండాల్సిన రబ్బరు రింగు లేదు.

"రింగేదిరా?"

"కాలవలో పడిపోయింది బావా. మూత గట్టిగా బిగిస్తే సరిపోతుందనుకున్నా."

"స్టోర్లో డబ్బాడు రింగులున్నాయి కదరా! పడిపోయిందని ఒక్క మాట చెప్పడానికేం రోగం?"

"చెప్తే కొడతావని."

అప్పటికే మేస్త్రి చెయ్యి పైకి లేచింది. బామ్మర్ది కళ్లు గట్టిగా మూసుకుని, నెత్తురు కారుతున్న మొహాన్ని ఓ పక్కకు తిప్పి, దెబ్బకు వీలుగా చెంప అప్పగించాడు. రోజూ చేసే పనిలాగే చేశాడు.

తన దెబ్బలే వీళ్ల ప్రాణాలు కాపాడుతున్నాయని ఇన్నేళ్లూ నమ్మిన మనిషి ఆ చెంప వంక చూశాడు. చెయ్యి దించేశాడు.

"కొట్టనురా. కళ్లు తెరువు" అన్నాడు.

వాడు తెరవలేదు.