తృప్తికి సగటు తీయనన్నాను

వాషింగ్ మెషీను బాగుచేసిన మనిషి ఇంకా మా గేటు దాటనేలేదు, ఫోనులో అయిదు నక్షత్రాలు వరసగా నిలబడి, మా సేవ మీకు ఎంత తృప్తినిచ్చిందో చెప్పండి అన్నాయి. ఆయనే వెనక్కి వచ్చి, “అయిదూ నొక్కెయ్యండి మేడంగారూ, ఒకటి తగ్గినా నా సగటు పడిపోద్దండి” అన్నాడు. పాపం, ఆయన తప్పేముంది? కానీ తృప్తి, సగటు అనే రెండు మాటలూ ఒకచోట వినిపిస్తే నాకు ఈ వయసులోనూ ఒళ్లు మండుతుంది.

తొంభైలలో నేను సమాజశాస్త్రంలో ఎం.ఫిల్. చేస్తూ, మా గైడుగారి ప్రాజెక్టు కోసం ఉప్పాడ తీరంలో ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నలు అడిగేదాన్ని. సముద్రం ఒడ్డును కోసుకుంటూ వస్తుంటే ఒక వాడను లోపలికి తరలించి కాలనీ కట్టారు. అక్కడివాళ్లు తృప్తిగా ఉన్నారని తేలితే ఒడ్డునే మిగిలిన రెండో వాడకూ ఆ పక్కనే ఇళ్లు వస్తాయి, లేదంటే తీరానికి దగ్గరలో వేరే చోటు చూస్తారు. అంటే మా లెక్క మీద ఒక వాడ వాడంతా ఆధారపడి ఉంది.

లెక్కలంటే ఆ రోజుల్లో మా విభాగంలో కొత్త మోజు. కంప్యూటరు గదిలోకి చెప్పులు విప్పి వెళ్లేవాళ్లం, అది ఏం చెబితే అదే వేదం. మా సీనియరు ఒకాయన చేనేతకు ఒకటి, చేపల వేటకు రెండు, కూలికి మూడు అని గుర్తులు వేసుకుని, వాటికీ సగటు తీసి, రెండు వచ్చింది కాబట్టి సగటు మనిషి వేటకు వెళుతున్నాడని రాసేశాడు. అందరం పడీపడీ నవ్వాం. అవి పేర్లకు బదులు వేసిన అంకెలే తప్ప కొలతలు కావని ఎవరికైనా తెలుస్తుంది. తృప్తి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. అస్సలు బాగాలేదంటే ఒకటి, చాలా బాగుందంటే అయిదు. పరుగుపందెంలో ముందెవరు, వెనకెవరు అన్నది తెలిసినంత మాత్రాన వాళ్ల మధ్య ఎంత ఎడముందో తెలియనట్టే, ఈ అంకెలు వరస చెబుతాయి గాని దూరం చెప్పవు. వరసను పట్టుకుని కూడి భాగించడమేమిటని నా గొడవ.

పైగా కాలనీలో దాదాపు ఏ గడపకు వెళ్లినా అయిదే. మనవైపు సంగతి మీకు తెలియనిదేముంది, ఇంటికి వచ్చిన మనిషిని కూర్చోబెట్టి, టీ చేతికిచ్చి, బాగుందండి అనకుండా పంపరు. నాకు అనుమానం వచ్చి, నేను పిన్ని అని పిలిచే ఒకావిడ దగ్గర ప్రశ్న మార్చాను. ఇది బాగుందా అని కాకుండా, పాత ఒడ్డా ఈ కాలనీయా అని అడిగాను. ఆవిడ ఆలోచించనైనా లేదు.

“వచ్చినోళ్ల మొకం మీద బాలేదని ఎలాగంటామండీ? రెండిట్లో అంటే ఒడ్డే నయమండి. మగోళ్లు వేటకెళ్తే, ఇక్కణ్ణించి సముద్రం ఎలాగుందో ఏం తెలుస్తాదండి?”

ఆ ప్రశ్ననే పట్టుకుని మళ్లీ గడపగడపా తిరిగితే, అయిదు అన్నవాళ్లే చాలావరకు ఒడ్డు పేరు చెప్పారు. పక్కా ఇల్లు వద్దని కాదు, సముద్రం కనిపించే చోట కావాలని.

అదంతా గైడుగారికి చూపించాను. ఆయన చెడ్డవారేం కాదు, కానీ నివేదిక అప్పటికే టైపుకు వెళ్లింది, సగటు నాలుగు దాటి ముచ్చటగా కనిపిస్తోంది. అనుకున్న ప్రశ్న వదిలేసి నీ ఇష్టమొచ్చింది అడిగితే ఎలాగమ్మా అని మందలించారు. విభాగంలో అందరి ముందూ లేచి, “ఈ అంకెలకు నేను సగటు తీయనండి, తీసిన కాగితం మీద నా పేరు వద్దండి” అన్నాను. నా పేరు తీసేశారు. నా ఎం.ఫిల్. ఏళ్లతరబడి వెనకబడింది, మా నాన్నగారు చాన్నాళ్లు నాతో ముభావంగా ఉన్నారు. నివేదిక వెళ్లింది, రెండో వాడకూ కాలనీ పక్కనే ఇళ్లు కట్టారు. తరువాత ఒకసారి వెళ్లి చూస్తే చాలా తలుపులకు తాళాలు. పిన్నితో సహా ఎందరో ఒడ్డున మళ్లీ పాకలు వేసుకున్నారు. ఆ పైన వచ్చిన తుఫానుకు పిన్ని పాక సముద్రంలో కలిసిపోయిందని విన్నాను. ఓడిపోయానని ఏడ్చాను, తప్పు చేశానని మాత్రం ఏనాడూ అనుకోలేదు. రాజమండ్రిలో పాఠాలు చెప్పినన్నాళ్లూ పిల్లలకు కూడికలకన్నా ముందు ఏ అంకెను కూడకూడదో చెప్పాను.

ఇప్పుడు గడప తొక్కి, టీ తాగి, అడిగేవాళ్లు లేరు. మన మొహమాటం మాత్రం ఎక్కడికీ పోలేదు, ఫోనులో చేరింది. మెషీను మనిషిని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, మునుపటికన్నా నయమే గాని చప్పుడు తగ్గలేదని మొహం మీదే చెప్పాను. ఆయన నొచ్చుకోలేదు, మళ్లీ మూత విప్పి ఏదో బిగించాడు, చప్పుడు ఆగింది. ఆనాడు ఎవరైనా ఆ సగటును ఇలాగే మళ్లీ విప్పి చూసి ఉంటే, పిన్నికి సముద్రం కనిపించే చోట ఒక గట్టి ఇల్లు ఉండేది కదా అనిపించింది. జరిగినదంతా ఫోనులో మాటల్లో రాశాను. నక్షత్రాలు నొక్కనిదే పంపనంది. నేనూ నొక్కలేదు.