గోడతో మాట్లాడే నాటకం

మేడమీదాయన పోయినాడని నిన్న పొద్దున ఫోనొచ్చింది. స్వీడన్ నుంచి ఆయన భార్య చేసింది. నాటకాలు రాసే మనిషి అంటే మాకు తెలిసింది ఆయనొక్కడే. మైలాపూరులో మా మేడమీది గదిలో ఏడాదిన్నర అద్దెకున్నాడు.

ఆయన నాటకాలకి తెరా లేదు, కథా లేదు. వాళ్ళ దేశంలో ట్రాము షెడ్లలోనో, ఎవరి వంటింట్లోనో ఆడించేవాడంట. జనం మధ్యలో లేచిపోతే, "పోయేవాళ్ళు కూడా నాటకమే" అనేవాడు. ఆ దేశం పేపర్లవాళ్ళు తిట్టిపోసిన సంగతి ఆయనే నవ్వుతా చెప్పినాడు. ఈడి వీధినాటకాలు చూడను వచ్చి, మా ఇల్లు చూసి ఆగిపోయినాడు.

మా ఇంట్లో చూడాల్సింది ఒకటే. అమ్మకీ మేనత్తకీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. తాత తద్దినం నాడు పులుసు దగ్గర మొదలైందని నాన్న అంటాడు. ఒకే వంటింట్లో తిరుగుతా, ఇద్దరూ గోడకి చెప్పుకునేవాళ్ళు: "ఉప్పు డబ్బా ఎవరు తీసినారో ఏమో." నడుమ నాన్న నలిగిపోయినాడు. నాకైతే ఆ ఇంట్లో ఊపిరాడేది కాదు. మేడమీదాయన తెలుగు నేర్చుకున్నది వీళ్ళ దగ్గరే కాబట్టి, అదే మర్యాద అనుకున్నాడు. మెట్ల దగ్గర నిలబడి, గోడవైపు తిరిగి, "ఎవరైనా కాఫీ ఇస్తే బాగుండు" అనేవాడు, పాపం.

ఆ పద్ధతినే నాటకంగా రాసి, వాళ్ళిద్దర్నే వెయ్యమన్నాడు. ఒకరు ఒప్పుకున్నాక ఇంకొకరు తగ్గుతారా? మా హాల్లోనే కుర్చీలేసి, నిజం స్టవ్వే పెట్టి ఆడించినాడు. చివరిదాకా ఒకరితో ఒకరు మాట్లాడకూడదు, అంతే నాటకం. సగంలో అమ్మ పైట జారి, అంచుకి మంట తగిలింది.

"వదినా, పైట!" అంటా అత్త ఒక్క ఉదుటున లాగి, చేత్తోనే ఆర్పేసింది.

అమ్మ ఆ చెయ్యి పట్టుకుని, కాలిందా అని అడిగింది. ఇద్దరూ ఆడే కూలబడి ఏడ్చినారు. చూసేవాళ్ళు అదీ నాటకమే అనుకుని చప్పట్లు కొట్టినారు. అంతా చెడిపోయిందని ఆయన కోప్పడతాడేమోనని నేను భయపడినా. ఆయన కళ్ళు తుడుచుకుని, "ఇది నాకు రాయను రాదు" అన్నాడు. మర్నాటి నుంచి ఇద్దర్నీ మొహం చూసి "వదినా" అనే పిలిచినాడు. ఆయన చేసిన మేలు నేను ఎప్పటికీ మర్చిపోలేను.

ఆ నాటకం వాళ్ళ దేశంలోనూ ఆడించినాడంట. పైట అంటుకున్న చోటుకి వచ్చేసరికి రాత ఆపేసి, మాట్లాడబుద్ధయితే మాట్లాడండని నటులకి చెప్పేవాడంట. ఒక్కరూ మాట్లాడలేదని ఆయన భార్య ఫోన్లో చెప్పింది.

ఫోను పెట్టేసినాక, మనం తలకి పోసుకోవాలా అని అత్త అమ్మని అడిగింది.

"వదినా అని పిలిచినోడు గదా," అనింది అమ్మ. "పోసుకుందాం రా."

ఒకరికొకరు చెంబుతో పోసుకుని వచ్చి, మేడమెట్ల మీద పక్కపక్కన కూర్చున్నారు. జుట్ల నుంచి నీళ్ళు కారి కింది మెట్టుదాకా తడిసింది.