నాన్నమ్మ కన్ను, అమ్మ తోమిన పెనం

ఆ రోజుల్లో నర్సీపట్నంలో మా ఇంటికి రెండు వంటగదులుండేవి. మేం కలిగినవాళ్ళమని చెప్పుకోవడానికి ఈ మాట అనడం లేదు. ఒకటి ఇంటి లోపల, టైల్స్ అంటించి, గ్యాస్ పొయ్యి పెట్టి, చుట్టాలొస్తే చూపించడానికి ఉంచిన గది. రెండోది పెరట్లో, రేకుల కింద, నాన్నమ్మ ఏలుబడిలో ఉన్న వంటపాక. అసలు వంటంతా పాకలోనే జరిగేది. లోపలి గదిలో టీ పెట్టుకోవడం, పాలు పొంగిపోనివ్వడం (ఈ రెండో పని నాది) తప్ప పెద్దగా ఏమీ జరిగేది కాదు. ఇప్పుడు నా వంటగదిలో చిమ్నీ ఉంది. పోపు వేస్తే పక్కగదిలో తుమ్మేవాళ్ళు కూడా లేరు. సుఖంగానే ఉంది, కాదనను. కాకపోతే ఇలాంటి ఇంట్లో పెరిగే పిల్లకి, ఒక మధ్యాహ్నం మా ఇంటిని కమ్మేసిన పొగ గురించి చెప్పాలంటే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియదు. నాన్నమ్మ దగ్గర్నుంచే మొదలుపెడతాను.

నాన్నమ్మ పొయ్యిలోకి దొరికిందల్లా పెట్టేది. తోటలో విరిగిన జీడి కొమ్మలు, కొబ్బరి మట్టలు, ఎండిన చెరుకు పిప్పి, అన్నిటికన్నా ముఖ్యంగా జీడిపిక్కల తొక్కలు. ఆ తొక్కలు భగ్గున అంటుకుంటాయి గానీ, వాటి పొగ మనల్ని వెతుక్కుంటూ వచ్చి మరీ కళ్ళలో పొడుస్తుంది. "గ్యాసుంది కదమ్మా, ఎందుకీ అవస్థ?" అని నాన్న అంటే, "గ్యాసు మీద కూర ఉడుకుద్దిరా, వండినట్టుండదు" అనేది. పొగ పట్టిన ఇంటికి చెదలు రావనీ, పాములు రావనీ, దోమలు దరిచేరవనీ ఆవిడ గట్టి నమ్మకం. (చెదలొచ్చాయి. పాము కూడా ఒకసారి వచ్చింది. దోమల ఊసు ఎత్తకపోవడమే మంచిది.)

ఆ పాకలో నాన్నమ్మ కన్నా ఎక్కువ హోదా ఒక్క అట్లపెనానికే ఉండేది. పోత ఇనుముతో చేసిన బరువైన పెనం, ఆవిడ కాపురానికి వస్తూ వెంట తెచ్చుకున్నది. నల్లగా నిగనిగలాడేది. దాని మీద అట్టు పోస్తే అట్లకాడ తగలకముందే అంచులు లేచి కూర్చునేవి. దానికి సబ్బు తగలకూడదు, పీచు తగలకూడదు, దాన్ని నీళ్ళలో నాననివ్వకూడదు. అట్లు పోయడం అయ్యాక వేడి మీదే గుడ్డతో తుడిచి, సగం ఉల్లిపాయని నూనెలో ముంచి ఒకసారి రుద్ది, గోడ మేకుకి తగిలించేది. "అలగొదిలీకూడదే గుంటా, రోజూ నూనె సెయ్యి తగలకపోతే పెనం అలిగీసి అట్టుని పట్టీసుకుంటాది" అని నాకు చెప్పేది. పెనం అలగడమేమిటని నేను నవ్వేదాన్ని. అప్పుడు నేను డిగ్రీ రెండో సంవత్సరం, కాబట్టి ప్రపంచంలో నవ్వడానికి చాలా విషయాలు కనిపించేవి.

ఆ ఏడాదే నాన్నమ్మ గరిటెడు పిండి పెనం మీద కాకుండా పెనం పక్కన పొయ్యడం మొదలుపెట్టింది. డాక్టరుగారు చూసి శుక్లం ముదిరిపోయిందన్నారు. ఆవిడకి ఒక కన్ను చిన్నప్పుడే దెబ్బ తగిలి పోయింది, ఉన్నది ఆ ఒక్కటే. ఆపరేషన్ బాగానే జరిగింది. ముఖం సగం కప్పేసే నల్లద్దాలు పెట్టి పంపిస్తూ డాక్టరుగారు నాన్నకి మరీమరీ చెప్పారు. నెల్లాళ్ళు పొయ్యి దగ్గరికి వెళ్ళకూడదు, పొగ తగలకూడదు, మంటెత్తి చెయ్యి పెట్టి నలిపారంటే ఉన్న ఒక్క కన్నూ చేతులారా పోగొట్టుకున్నట్టే. ఆ మాట విన్నాక ఇంట్లో అందరికీ భయం పట్టుకుంది, ఒక్క నాన్నమ్మకి తప్ప.

కాలేజీ నుంచి రాగానే నాన్నమ్మని కాపలా కాయడం నా డ్యూటీ. "కోళ్ళకి నూకలేసొస్తానే" అని లేచేది. కోళ్ళు ఎడమవైపుంటే ఈవిడ కుడివైపు నడిచేది, పాక అటుంది కనక. చెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చి హాల్లో కూర్చోబెడితే, అక్కణ్ణుంచే వంట నడిపించేది. "పోపు మాడతంది, బేగి దించు", "ఉప్పు డబ్బా మూత తీసినట్టు లేదు", "ఎవలే అది, మూకుట్లో గరిటి అలగ గీకతన్నారు?" ఈ ఆజ్ఞలన్నీ అమ్మకే. పెళ్ళయినప్పట్నుంచీ పాకలో అత్తగారి పక్కన కూర్చుని మిరపకాయలు తుంచడం, పొయ్యి ఊదడం తప్ప వంట పెత్తనం ఎరగని అమ్మకి గ్యాస్ పొయ్యి తన సొంతం కావడం అదే మొదటిసారి. ఆ సంతోషం బయటికి కనిపించకుండా దాచుకుంటూ, కూనిరాగాలు తీస్తూ వండేది.

ఆ సంతోషంలోనే పాకలో ఉన్న పెనాన్ని లోపలికి తెచ్చింది. పాక చీకట్లో ఎప్పుడూ కనిపించనిది ట్యూబులైటు కింద కనిపించింది. పెనం అడుగున పెచ్చులు పెచ్చులుగా నలుపు, అంచుల చుట్టూ జిడ్డు. అమ్మకి ప్రాణం ఉసూరుమంది. "ఆపరేషనయిన మనిషి, అన్నీ శుభ్రంగా ఉండాలన్నారు డాక్టరుగారు" అని కొంగు దోపుకుని కూర్చుంది. సబ్బు, స్టీలు పీచు, ఇటిక పొడి, ఒకదాని తర్వాత ఒకటి ప్రయోగించింది. అప్పటికీ లొంగని చోట్ల రాత్రంతా వేన్నీళ్ళలో నానబెట్టి పొద్దున్నే మళ్ళీ తోమింది. చివరికి పెనం బూడిద రంగులో బయటపడింది. అమ్మ దాన్ని బాదం చెట్టు కింద ఆరబెట్టి కాస్త గర్వంగానే చూసుకుంది. మధ్యాహ్నానికి దాని నిండా ఎర్రటి తుప్పు మచ్చలు లేచాయి.

మర్నాడు పోసిన మొదటి అట్టు పెనాన్ని కావలించుకుని వదల్లేదు. అట్లకాడ పెట్టి గోకితే ముక్కలు ముక్కలై ఉప్మాలా వచ్చింది. హాల్లోంచి కేక వినిపించింది. "ఏటే కోడలా, పెనం పలకట్లేదు? అట్టు పోస్తన్నావా, పీకతన్నావా?" అమ్మ గబగబా మంట తగ్గించింది. "గ్యాసు మంట కదత్తమ్మా, నాకింకా అలవాటవలేదు" అంది. ఆ తర్వాత మా ఇంట్లో వరసగా ఇడ్లీ, ఉప్మా, మళ్ళీ ఇడ్లీ. "అట్లెందుకు మానీసినారు? మినపప్పు అయిపోనాదా?" అని నాన్నమ్మ అడిగినప్పుడల్లా అమ్మ ఏదో ఒకటి చెప్పి వంటగదిలోకి వచ్చి కళ్ళు తుడుచుకునేది. నాన్నమ్మ కోప్పడుతుందని కాదు. ఆవిడ అమ్మని ఏనాడూ పల్లెత్తు మాట అన్లేదు. అమ్మకి అదే ఇంకా బాధగా ఉండేది. "తిట్టినా బాగుణ్ణే. చూసి ఊరుకుంటారు, నేనది తట్టుకోలేను" అంది నాతో.

అమ్మ అలా అంటే నేనెందుకు ఊరుకుంటాను? ఫోన్లో వెతికి, ఎవరో తెల్లాయన తుప్పుపట్టిన పెనాన్ని మళ్ళీ నల్లగా చేసే వీడియో పట్టుకున్నాను. నూనె రాసి, పొగలొచ్చేదాకా కాల్చడం, అంతే. (నూనె పల్చగా రాయమనీ, కిటికీలన్నీ తెరవమనీ ఆయన చెప్పిన చోట సోదిగా ఉందని నేను ముందుకి జరిపేశాను.) ఆయన వాడిన నూనె మా ఊళ్ళో ఎక్కడ దొరుకుతుందో తెలియక, ఇంట్లో సీసాడు ఆముదం ఉంటే అది తీశాం. మంచి పని కదా అని అమ్మ ధారాళంగా పోసింది. నాకు కాలేజీ లేని రోజు, భోజనం చేసి నాన్నమ్మ కునుకు తీసే వేళ, నాన్న ఎరువుల షాపులో ఉండే వేళ చూసి ముహూర్తం పెట్టుకున్నాం. నాన్నమ్మకి పొగ తగలకూడదు, వాసన అసలే తగలకూడదు. అందుకని కిటికీలు మూసి, తలుపు గడియ పెట్టి, తలుపు కింద పాత చీర కూరి, మంట పూర్తిగా పెంచాం.

మొదట సన్నగా వచ్చింది. "నల్లబడుతోందే! చూడు!" అని అమ్మ మురిసిపోయింది. ఆ తర్వాత చూడ్డానికి పెనం కనిపించలేదు. ఇంకాసేపటికి పొయ్యి కనిపించలేదు. ఆఖరికి అమ్మే కనిపించలేదు, దగ్గు మాత్రం వినిపిస్తోంది. ఆముదం పొగ గొంతులో దిగి కూర్చుంది. గ్యాసు ఆపబోయి అమ్మ కుళాయి తిప్పింది. నేను కిటికీ గడియ లాగితే, ఆ ఏడాది వేసిన రంగు దాన్ని పట్టుకుని రానివ్వలేదు. సరిగ్గా అప్పుడే మా ఎదురింటి రేడియో మావయ్య (వీధిలో వార్తలన్నీ ఆయన గొంతులోంచే ప్రసారమయ్యేవి) వెంటిలేటర్లోంచి వస్తున్న పొగ చూశాడు. "ఓలమ్మో! ఇల్లంటుకున్నాదర్రా!" అని వీధి వీధంతా వినిపించేలా అరుస్తూ, బకెట్టు నీళ్ళతో పరిగెత్తుకొచ్చాడు. మేం ఎలాగో తలుపు తీశాం. పొగంతా ఒక్కసారి హాల్లోకి వెళ్ళింది. మావయ్య లోపలికొచ్చి, కళ్ళు మూసుకుని, పొయ్యి ఉందనుకున్న వైపుకి బకెట్టు ఎత్తాడు.

"ఆగురా! నీళ్ళు పొయ్యకు! కాలతన్న పెనం మీద నీళ్ళు పడితే రెండు సెక్కలైపోద్ది!"

నాన్నమ్మ. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, నల్లద్దాలతో, ఆ పొగలోంచి తిన్నగా నడిచొచ్చింది. మా ముగ్గురికీ కళ్ళు ధారలు కడుతున్నాయి, ఒకరికొకరు ఆనడం లేదు. పక్కలు కూడా మూసుకునే ఆ అద్దాల పుణ్యమా అని ఆ గదిలో చూపున్నది ఆవిడ ఒక్కదానికే. మావయ్య చేతిని పక్కకి నెట్టి, గ్యాసు పొయ్యి మర పుటుక్కున తిప్పి ఆపింది. (గ్యాసంటే భయమని, మర ఎటు తిప్పాలో తెలియదని అన్నేళ్ళు చెప్పిన మనిషి!) అమ్మ "అత్తమ్మా, కన్ను! మీ కన్ను! బయటికి రండి" అని ఏడుస్తూ ఆవిణ్ణి పట్టుకుని పెరట్లోకి లాక్కొచ్చింది. ఆ ఏడుపు పొగకి కాదు. ఉన్న ఒక్క కంటినీ పొగ నుంచి కాపాడమని నాకు అప్పగిస్తే, నేనే ఇంటినిండా పొగ పెట్టాను.

"నలపకండి, నలపకండి" అంటోంది అమ్మ. "నానెక్కడ నలుపుతన్నాను? మీరే నలుపుకుంటన్నారు" అంది నాన్నమ్మ. కాసేపటికి మసిగుడ్డతో పట్టుకుని పెనాన్ని తనే బయటికి తెచ్చింది. ఎండలో పెట్టి చూసింది. అక్కడక్కడ బూడిద రంగు, అక్కడక్కడ తుప్పు, మధ్యలో బెల్లప్పాకంలా సాగుతున్న ఆముదం. నాన్నమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఓలమ్మ! డాక్టరు బాబు సెప్పినాడు, ఆపరేషనయ్యాక అన్నీ తెల్లగా కనిపిస్తాయని. పెనం కూడా ఎంత తెల్లగా కనపడతందో సూడు" అని, దాన్ని గోడవార పెట్టి, మావయ్యకి మజ్జిగియ్యమని అమ్మతో చెప్పి లోపలికెళ్ళిపోయింది. మేం బతికిపోయామనుకున్నాం.

ఆ సాయంత్రమే డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్తే, కన్ను భేషుగ్గా ఉందన్నారు. నాన్నమ్మని ఎలా బోల్తా కొట్టించామో నేను చాలా ఏళ్ళు చుట్టాలందరికీ చెప్పి నవ్వించాను. నేను చెబుతున్నంతసేపూ అమ్మ తలొంచుకుని నవ్వుకునేది. ఈమధ్య ఎందుకో ఉండబట్టలేక చెప్పింది. ఆ సాయంత్రం నాన్నమ్మ ఒక్కర్తే వంటగదిలోకి వచ్చి, "పెనానికి నలుపు మళ్ళీ వస్తాదిలే, నువ్వు బెంగెట్టుకోకు" అందట. ఆ తర్వాత రోజూ నేను కాలేజీకి వెళ్ళాక, సన్నటి మంట మీద రవ్వంత నూనె ఎలా రాయాలో హాల్లోంచి కాకుండా పక్కన నిలబడి నేర్పిందట. నల్లద్దాల్లోంచి చూస్తే ఏ వస్తువైనా తెల్లగా ఎలా కనిపిస్తుందని అన్నేళ్ళలో నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. డిగ్రీలో నా సబ్జెక్టు ఫిజిక్స్.

అద్దాలు తీసెయ్యొచ్చన్న రోజు నాన్నమ్మ ఇంటికి రాగానే చేసిన మొదటి పని పాకలోకి వెళ్ళడం. ఇంక ఆపే హక్కు నాకు లేదు కాబట్టి వెనకాలే వెళ్ళాను. ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. రేకులు, వాసాలు, గోడలు, మూల వేలాడే బూజు, అన్నీ ఒకే నలుపు. చెయ్యి చాచి గోడని వేలితో రాసి, వేలిని కంటి దగ్గర పెట్టుకుని చూసుకుంది.

"ఇది మసేటే?" అంది. "ఇన్నాళ్ళూ సీకటనుకున్నాను."

ఆవిడ వెనక్కి తిరిగి, బియ్యం చేటతో పెరట్లోకి వచ్చిన అమ్మని పిలిచింది. దగ్గరికి రమ్మని, గెడ్డం పట్టుకుని ముఖం వెలుగులోకి తిప్పి, అమ్మ కళ్ళలోకి చాలాసేపు చూసింది. "నువ్వూ నా పక్కన ఇందులోనే కూకున్నావు కదే, ఇన్నేళ్ళూ. నోరిప్పి సెప్పలేదేటి? రేపు డాక్టరు బాబుకి నీ కళ్ళు సూపిద్దాం, నానూ వస్తాను" అంది. అమ్మ "నాకేం అవలేదత్తమ్మా" అంటూనే బావురుమంది. ఆ వారంలోనే పాకలో పొయ్యి తీసేశారు. తియ్యమన్నది నాన్నమ్మే.

గ్యాసు మీద తన చేత్తో మొదటి అట్టు పోసిన రోజు నాన్నమ్మ దాన్ని తిరగెయ్యకుండా వంగి చూస్తూ ఉండిపోయింది. "అట్టుకి ఇన్ని కన్నాలుంటాయేటే? ఎంత సక్కగున్నాయే!" అంది. నేను పడీపడీ నవ్వాను. అట్టుకి చిల్లులుండడంలో వింతేముందో ఆ వయసులో నాకు తెలియలేదు. నాన్నమ్మ వెళ్ళిపోయి కొన్నేళ్ళయింది. ఇప్పుడు అదే పెనం నా దగ్గరుంది, నలుపు పూర్తిగా తిరిగొచ్చింది. అట్టు పోసి, ఒక్కొక్క చిల్లూ విచ్చుకుంటుంటే నేనూ వంగి చూస్తూ నిలబడతాను. "అమ్మా, మాడిపోతోంది" అని మా అమ్మాయి నవ్వుతుంది. నవ్వనీ. నేనూ అలాగే నవ్వాను.