కంటి కింద సుడి

మోకాలు పట్టేసి నాన్న సైకిలు తొక్కలేకపోయిన ఏడాది మా ఇంటికి గుర్రం వచ్చింది. నాన్న తిరువూరులో పాస్టరు. వినగడప అవతల పొలాల మధ్య ఉన్న చిన్న పల్లెలకు బస్సు లేదు. ఆదివారం ఆరాధన అయ్యాక, మిగతా రోజుల్లో ఆ ఇళ్ళకు వెళ్ళి ప్రార్థన చెయ్యడమే తన అసలు పని అనుకునేవారు. ఆ వేసవంతా వెళ్ళలేకపోయేసరికి సంఘపెద్దలు, "ఆ పల్లెలు ఇంకొకరికి అప్పజెబుదామండి, మీరు కాస్త విశ్రాంతి తీసుకోండి" అన్నారు. గౌరవంగానే అన్నారు. ఆ రోజు నాన్నకు అన్నం సయించలేదు.

బస్సులు పెరిగి బేరాలు తగ్గిన జట్కా సాయిబు తన ఆడగుర్రాన్ని అమ్ముతున్నాడని తెలిసి నాన్న కబురు పెట్టారు. సాయిబు దాన్ని మా వాకిట్లో నిలబెట్టాడు.

"బండికే కాదు అయ్యగారూ, సవారీకీ అలవాటే. ఎంతమంది పెళ్ళికొడుకుల్ని మోసిందో! దీని మీద కూచుని గ్లాసుతో నీళ్ళు పట్టుకోండి, చుక్క తొణికితే నన్నడగండి."

"అమ్మాయ్, నువ్వెక్కు" అన్నారు నాన్న.

నేను గుమ్మం వెనకనుంచి చూస్తున్నాను. పుస్తకాల్లో ఎన్ని గుర్రాల వెంట తిరిగానో గాని, నలుగురి ముందుకు రావడమంటే నాకు చెమటలు పట్టేవి.

"నేనా?"

"అలవాటున్నవాడెక్కితే ఏ గుర్రమైనా బాగానే నడుస్తుంది. ఎన్నడూ ఎక్కనివాళ్ళెక్కితేనే దాని గుణం తెలిసేది."

అరుగు మీదనుంచి ఎక్కి, లంగా సర్దుకుని ఒక పక్కకు కూర్చున్నాను. మాతోనే ఉండే మేనత్త గ్లాసు అందించింది. సాయిబు కళ్ళెం పట్టుకుని వీధి చివరిదాకా నడిపించాడు. ఆగబోయే ముందు ఉయ్యాల ఎలా కదులుతుందో, ఆ గుర్రం నడక అలా ఉంది. అయినా తిరిగొచ్చేసరికి సగం నీళ్ళు నా ఓణీ మీదే ఉన్నాయి.

"గుర్రం తొణకలేదులే, పిల్లే తొణికింది" అంది మేనత్త. చూస్తున్నవాళ్ళంతా నవ్వారు. నాన్న కూడా. చాన్నాళ్ళకు నవ్వారు.

అంతలో మేనత్త గుర్రం మొహం దగ్గరగా చూసి వెనక్కి తగ్గింది. దాని ఎడమ కంటి కింద వెంట్రుకలు చిన్న సుడి తిరిగి ఉన్నాయి.

"ఒరేయ్ తమ్ముడూ, కంటి కింద సుడిరా. కొన్నవాడింట కన్నీళ్ళే. వద్దు."

"రోజూ బైబిలు చదువుతావు, సుళ్ళు చూస్తావేంటక్కా?"

"బైబిలు బైబిలే, సుడి సుడే."

మావాళ్ళలో చాలామంది అంతే. తాతల కాలంలో ప్రార్థన మారింది గాని, పశువును కొనేటప్పుడు చూసే చూపు మారలేదు. నాన్నకు భయం సుడి గురించి కాదు. "నేను వెళ్ళేది జబ్బుపడ్డవాళ్ళ ఇళ్ళకు, బాలింతలున్న ఇళ్ళకు. వాళ్ళు నాకన్నా ముందు దీన్ని చూస్తారు కదా" అన్నారు.

మేనత్త మెత్తబడింది. "పోనీ, కళ్ళేనికో ఎర్ర కుచ్చు కుట్టిస్తాను. సుడి కనబడదు."

నాన్న ఆలోచనలో పడ్డారు. నన్ను దింపే సంగతి ఎవరికీ గుర్తులేదు. పైనుంచే అన్నాను: "కప్పితే మీరూ నమ్మినట్టే కదా నాన్నా?"

ఆయన సాయిబు వైపు తిరిగి బేరం కుదుర్చుకున్నారు. కుచ్చు వద్దన్నారు.

మొదటి ప్రయాణం నుంచి నాన్న పొద్దువాలే వేళకు తిరిగొచ్చారు. దిగకముందే మేనత్త అడిగింది.

"వాళ్ళు సుడి చూశారా?"

"చూశారు. బాలింత ఉన్న ఇంట్లో తలుపు తియ్యలేదు. కంచె బయట నిలబడి ప్రార్థన చేశాను."

"చెప్పానా!"

నేను తలెత్తలేకపోయాను. ఆ తలుపు నా మాట వల్లే మూసుకుందనిపించింది. "కుచ్చు కట్టేద్దాం నాన్నా" అన్నాను.

"వద్దమ్మా. మళ్ళీ వారం వెళ్తాగా."

వానలు పడ్డన్నాళ్ళూ ఆ తలుపు తెరుచుకోలేదు. నాన్న వెళ్ళిన ప్రతిసారీ ఆ కంచె దగ్గర ఆగారు. మిగతా ఇళ్ళవాళ్ళు మెల్లగా గుర్రానికి అలవాటు పడ్డారు. వరికోతలప్పుడు ఒకనాడు ఆ తల్లి బిడ్డనెత్తుకుని బయటికొచ్చి, గుర్రానికి దూరంగానే నిలబడి, ప్రార్థనకు తల వంచిందట. ఆ సంగతి చెబుతూ నాన్న, బిడ్డకు అప్పుడే రెండు పళ్ళొచ్చాయని అన్నారు.